పాత గడ్డి మిషన్‌కు పార్టు దొరకకుంటే తుక్కుకు ఎయ్యాల్నా?

పోయిన వానాకాలం మా గడ్డి మిషన్ నడుమ బ్లేడు గడగడ మోత పెట్టుడు షురూ చేసింది. ట్రాక్టర్ బంద్ చేసి, పీటీఓ షాఫ్టు ఊడదీసి, మిషన్ కింద మొద్దులు పెట్టి చూసిన. బ్లేడు పట్టుకొని ఊపితే అర అంగుళం అటూ ఇటూ ఆడుతుంది. విప్పితే లోపల బేరింగులు కూసునే పోత హౌసింగు నెర్రె బారింది. కొన్న షాపుకు ఫోన్ చేస్తే ఒక్క ముక్కల తేల్చేసిండు: "ఆ మోడల్ ఎప్పుడో ఆపేసిన్రు తమ్మీ, పార్టు రాదు. కొత్తది తీసుకో, సబ్సిడీ వస్తది."

మాది పెనుబల్లి మండలం. ఇటు లంకాసాగర్, అటు నీలాద్రి అడవి, నడుమ మామిడి, పామాయిల్ తోటలు. పామాయిల్ మొక్కను తొమ్మిది మీటర్ల ఎడంతోటి ముక్కోణంగ పెడతరు, ఎకరానికి 57 పడతయ్. మొదటి మూడు నాలుగేండ్లు నీడ పడదు, ఆ ఎడం అంతా గడ్డే. మందు కొడుదామంటే లేత మొక్కకు తగులుతదని భయం. కోయిద్దామంటే మనుషులు దొరకరు. అందుకే చిన్న ట్రాక్టర్ ఎనక కట్టే ఈ గడ్డి మిషన్లు మా దిక్కు చానామంది కొన్నరు. అందులో సగం ఇప్పుడు కొట్టం మూలకు పడి ఉన్నయ్. అడిగితే అందరిదీ ఒకటే మాట, "పార్టు లేదు".

నా మాట ఏందంటే, కంపెనీ ఆపింది ఆ పార్టు పేరును, దాని నంబర్‌ను. లోపల ఉండే సామాను చానా వరకు ఆ కంపెనీది కానే కాదు.

మిషన్ ఎట్ల ఉంటదో తెలిస్తే ఇది తేలిగ్గ అర్థమైతది. డెక్కు అంటే బోర్లేసిన పెద్ద ఇనుప పళ్లెం. దాని మీద నడుమ గేరు బాక్సు. గేరు బాక్సు ఒక పుల్లీని తిప్పుతది, ఒకటే బెల్టు మూడు స్పిండిళ్లను తిప్పుతది, ఒక్కో స్పిండిల్ కింద ఒక్కో బ్లేడు. అంతే కథ. ఇందుల బేరింగు, ఆయిల్ సీలు, బెల్టు, బోల్టు, ఇవన్నీ లోకమంతా ఒకటే కొలతల మీద చేస్తరు. కంపెనీ వాటిని డబ్బాల పెట్టి తన నంబర్ ఏసుకుంటది. మనం డబ్బా మీది నంబర్ అడుగుతం, లేదంటరు. బేరింగు మీది నంబర్ అడగాలె.

మా దాంట్ల బేరింగు అంచు తుడిస్తే 6205 అని కనబడ్డది. 04 నుంచి పైకి, చివరి రెండు అంకెలను ఐదుతోటి గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తది. 05 ఇంటూ 5, అంటే 25 మిల్లీమీటర్లు. బయటి కొలత 52, మందం 15. సత్తుపల్లిల కొన్నా, ఖమ్మంల కొన్నా, విజయవాడ ఆటోనగర్‌ల కొన్నా 6205 అంటే ఇదే. నంబర్ ఎనక జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూత. గడ్డి పొట్టు, దుమ్ము, తడి ఉండే కాడ రబ్బరు మూతదే అడుగు. సీలు మీద మూడు అంకెలు ఉంటయ్: షాఫ్టు లావు, బయటి కొలత, మందం. అవి చెరిగిపోతే వెర్నియర్ పెట్టి కొలువు. వెర్నియర్ కొనుక్కో తమ్మీ, ఫోన్ కవర్‌కు పెట్టే పైసలు దీనికి పెడితే పదేండ్లు పనికొస్తది.

బెల్టు కూడా అంతే. పైన వెడల్పు 13 మిల్లీమీటర్లు ఉంటే ఏ రకం, 17 ఉంటే బీ రకం. పక్కన ఉండే అంకె లోపలి పొడుగు, అంగుళాలల్ల. పాత బెల్టు సాగి ఉంటది కాబట్టి దాన్ని నమ్మొద్దు. పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలువు, బిగించే పుల్లీని నడిమధ్య పెట్టి. కొత్త బెల్టు పుల్లీ గాడి అడుగుకు తగలొద్దు, పక్కలనే పట్టుకోవాలె. అడుగుకు తగిలిందంటే రకం తప్పన్నా అయి ఉంటది, గాడి అరిగన్నా పోయి ఉంటది. ఇంకోటి, బెల్టును మరీ బిగించకు. రాయి తగిలినప్పుడు బెల్టు జారాలె. అది జారకుంటే దెబ్బ నేరుగ గేరు బాక్సుకు పోతది.

ఇగ అసలు తంటా హౌసింగు. ఇది కంపెనీ సొంత పోత, బయట దొరకదు. దీన్ని చేయించుకోవాలె. మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తా. నెర్రె బారిన పోతనే వెల్డింగు చేయించిన. పోత ఇనుము మామూలు రాడ్డుకు అతకదు, అతికినట్టు కనబడి పక్కన మళ్లా పగులుతది. నాలుగెకరాలు కోయంగనే పగిలింది. రెండోసారి మందపాటి పైపు ముక్క, దానికి గుండ్రటి పట్టీ ఏసి కొత్త హౌసింగు చేయించిన. లేతు మేస్త్రి పైపును 52కు సాఫుగ బోరు చేసి ఇచ్చిండు, వెల్డింగు షాపోడు పట్టీ అతికిండు, తెచ్చి చూస్తే బేరింగు లోపలికి పోతలేదు. వెల్డింగు వేడికి పైపు వంకర పోయింది! రెండు రోజులు, రెండు షాపుల కూలి మట్టిపాలు.

కాబట్టి వరుస గుర్తు పెట్టుకో. ముందు వెల్డింగు, అది మెల్లగ సల్లారినంక బోరింగు. పట్టీ ముఖం, బేరింగు రంధ్రాలు రెండూ లేతు మీద ఒకటే బిగింపుల తీయమని చెప్పు. నడుమ విప్పి మళ్లా బిగిస్తే రంధ్రం పక్కకు పోతది, బ్లేడు డెక్కుకు సమంగ తిరగదు, ఒక పక్క గడ్డి ఎక్కువ కోస్తది, ఒక పక్క తక్కువ.

రెండు బేరింగుల నడుమ ఒక గొట్టం ముక్క ఉంటది, స్పేసర్ అంటరు. విప్పినప్పుడు జారి పడితే మనోళ్లు దాన్ని పట్టించుకోరు. అది లేకున్నా, జర పొట్టిగున్నా, కింద బోల్టు బిగించంగనే బేరింగుల లోపలి రింగులు ఒకదాని మీదికి ఒకటి ఒత్తుకుంటయ్. అరగంటల బేరింగు కాలిపోతది. "డూప్లికేట్ బేరింగు ఇచ్చిండు" అని షాపోన్ని తిడతం. హౌసింగు లోపల రెండు మెట్ల నడుమ ఎంత ఉంటే స్పేసర్ అంతే ఉండాలె.

షాఫ్టు అరిగితే మామూలు ఎమ్మెస్ కడ్డీతోటి చేస్తే తొందరగ వంగుతది. ఈఎన్-8 కడ్డీ అడుగు, లేతు షాపుల అందరికీ తెలిసిన పేరే. బేరింగు వదులుగ కూసుంటే డబ్బా రేకు చుట్టుడు, పంచ్‌తోటి చుక్కలు కొట్టుడు మా దిక్కు మామూలే. ఆ రోజు పని గడుస్తదేమో, సీజన్ గడవదు.

డెక్కు రేకు గురించి చానా చెప్పేది లేదు. కోసినంక కింద అంటుకున్న పచ్చిగడ్డిని గీకితే తుప్పు రాదు, గీకకుంటే వస్తది. బొక్క పడితే తుప్పు రేకు మీద అతుకు నిలవదు, గట్టి ఇనుము వచ్చేదాంక కోసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లేటు ముక్క ఏయించు. ఆయిల్ డ్రమ్ము రేకు వద్దు, పలచన.

ఎందుకు వద్దో చెప్పాలంటే బ్లేడు దగ్గరికి రావాలె. ఇక్కడనే నాకు భయం ఉంది.

రెండేండ్ల కింద బ్లేడు దొరకక లారీ కమాన్ పట్టీని గ్యాస్‌తోటి కోయించి బ్లేడు చేయించిన. గట్టి ఉక్కు కదా, మంచిగ కోస్తదనుకున్న. కోసింది కూడా, వారం రోజులు. తర్వాత ఒక పొద్దుగాల టప్పుమని శబ్దం. ట్రాక్టర్ ఆపి దిగి చూస్తే బ్లేడు సగం లేదు. ఆ ముక్క డెక్కు ఎనకనుంచి పోయి మూడు వరసల అవతల పామాయిల్ చెట్టు మట్టల దిగింది. ఆ వరసల రాలిన పండ్లు ఏరుకునే ఆడోళ్లు ఇద్దరు ఉన్నరు. నాలుగడుగులు అటు ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

లెక్క చేసి చూడు. పీటీఓ నిమిషానికి 540 తిరుగుతది. మా గేరు బాక్సు దాన్ని మూడింతలు చేస్తది, పుల్లీలు ఇంకో ఒకటిన్నర రెట్లు పెంచుతయ్. అంటే బ్లేడు నిమిషానికి 2,430 చుట్లు. 53 సెంటీమీటర్ల బ్లేడు కొస గంటకు 240 కిలోమీటర్ల మీదనే పోతది. కమాన్ పట్టీ ఏండ్ల తరబడి లారీ కింద వంగి లేచి కంటికి కనబడని నెర్రెలు పట్టి ఉంటది. గ్యాస్ మంట పెట్టినంక ఆ కోసిన కాడ ఇంకా పెళుసైతది. విరిగిన బ్లేడుకు వెల్డింగు ఏసినా ఇదే కథ. అందుకే బ్లేడు, దాన్ని పట్టే బోల్టు, ఈ రెండు మాత్రం సొంతంగ చేయొద్దు. ఇంకో కంపెనీ బ్లేడు పొడుగు, మందం, నడుమ రంధ్రం కలిస్తే కొని ఏసుకో. బోల్టు తల మీద 8.8 అనో, 10.9 అనో ఉండాలె. తల మీద ఏమీ లేని బోల్టు గేటుకు పనికొస్తది, దీనికి కాదు. సాన పట్టినంక బ్లేడును నడుమ రంధ్రంతోటి గోడ మేకుకు తగిలియ్యి. ఏ కొస కిందికి వాలితే అది బరువు, ఆ పక్కన ఇంకొంచెం సాన పట్టు. ఎనకాల వేలాడే గొలుసులు ఊడిపోతే మళ్లా కట్టు, గొలుసు ముక్కలు ఏ తుక్కు కొట్టులనైనా దొరుకుతయ్. నాది పోయిన రోజు అవే లేవు.

సబ్సిడీ ముచ్చట ఒకటి చెప్పాలె. 2014-15ల కేంద్రం తెచ్చిన యాంత్రీకరణ పథకం కింద కొత్త మిషన్ కొంటే 40 నుంచి 50 శాతం దాంక సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ అదే మిషన్‌కు ఐదేండ్ల తర్వాత హౌసింగు దొరకకుంటే అడిగేటోడు లేడు. 2014లనే కాంపిటీషన్ కమిషన్, విడి పార్టులు బయట దొరకనిస్తలేరని 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా ఏసింది. 2022 జులైల కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ ఏసింది, అందుల వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నయ్. అదే ఏడాది డిసెంబర్‌ల పోర్టల్ తెరిచిన్రు. అమెరికాల కొలరాడో రాష్ట్రం 2023ల చట్టమే చేసింది, ట్రాక్టర్ కంపెనీలు పార్టులు, పనిముట్లు, మాన్యువల్ రైతుకు ఇయ్యాల్సిందేనని. మన కాడ సబ్సిడీ ఇచ్చేటప్పుడే "ఇన్నేండ్లు పార్టులు ఇస్తం, డ్రాయింగు ఇస్తం" అని కంపెనీతోటి రాయించుకుంటే ఏం పోతది? ప్రజల పైసలతోటి అమ్ముకునే సామానే కదా.

ఒక్కటి మాత్రం ఏ లేతు షాపుల ఈజీగ కాదు. గేరు బాక్సుల క్రౌను, పీనియను. రెండూ జోడీగ చేసినవి, ఒకటి పోతే రెండూ మార్చాలె. అవి పోయేది కూడా చానాసార్లు మన నిర్లక్ష్యంతోటే. షాఫ్టుకు గడ్డి, ప్లాస్టిక్ దారం చుట్టుకొని సీలును కోస్తది, 90 నంబర్ గేరాయిల్ కారిపోతది, పండ్లు ఎండిపోయి అరుగుతయ్. నేను రోజూ మిషన్ ఆపినంక చుట్టుకున్న దారం కోసేస్త. ఎందుకైనా మంచిదని మొన్న వీఎం బంజర దిక్కు ఒకాయన మూలకు పడేసిన అదే మోడల్ మిషన్‌ను తుక్కు ధరకు కొన్న. డెక్కు మొత్తం తుప్పు, బ్లేడ్లు లేవు. గేరు బాక్సు మూత తీసి చూసిన, పండ్లు మంచిగున్నయ్. ఆయిల్ పోసి, పట్టా కప్పి కొట్టంల పెట్టిన.