హెపారిన్ తెచ్చు చిక్కు

రక్తఫలకికలు, అనగా ప్లేట్‌లెట్లు, తగ్గినవనగానే జనులకు డెంగ్యూ జ్వరము, రక్తస్రావము స్ఫురించును. అమీర్‌పేట చెంత పంజాగుట్టలోనున్న నిమ్స్ వంటి ఆసుపత్రులలో గుండె శస్త్రచికిత్సలకు వాడు హెపారిన్ వలన ఫలకికలు తగ్గినచో ముప్పు వేరు. రక్తము గడ్డకట్టకుండ చేయవలసిన ఈ మందే, వింతగా, కొందరిలో గడ్డలు కట్టించును. ఇది పి.ఎఫ్.-4 అను ప్రోటీనుతో కలియగా, ఆ జంటపై ప్రతిరక్షకములు పుట్టి ఫలకికలను రెచ్చగొట్టును. సాధారణముగ 5-10 దినములలో వాని సంఖ్య సగమునకు పడిపోవును.

ఎలీసా పరీక్షలో ప్రతిరక్షకములు లేకున్న వ్యాధి దాదాపు లేనట్లే. ఉన్నంత మాత్రమున వ్యాధి యున్నట్లు కాదు. గుండె శస్త్రచికిత్స పిమ్మట ఆరోగ్యవంతులలోను అవి తరచు కనబడును. అనుమానము బలమైనదైనచో ఫలితమునకై వేచియుండరాదు. హెపారిన్‌ను, సూదిగొట్టము కడుగుటకు వాడు కొలదిపాటి మందుతో సహా, ఆపవలెను. అదొక్కటే చాలదు, ఆర్గట్రోబాన్ వంటి వేరొక మందు ఈయవలెను. ఫలకికలు లక్షన్నరకు చేరకముందే వార్ఫరిన్ ఇచ్చినచో వ్రేళ్లు కుళ్లు ప్రమాదము కలదు.