శాఖలు మాట్లాడుకొనే భాష

సికింద్రాబాదులో కాపురమున్న గృహస్థునికి ఎన్ని కచేరీలతో పని పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. 1960లో సికింద్రాబాదు నగరపాలక సంస్థ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయినది. కంటోన్మెంటు ప్రాంతం మాత్రం రక్షణ మంత్రిత్వ శాఖ పరిధిలోని బోర్డు పాలనలో వేరుగా నిలిచినది. అందుచేత కొన్నిచోట్ల ఒక వీధి దాటితే ఇంటిపన్ను కట్టవలసిన కార్యాలయమే మారిపోయేది. రైళ్లు, తపాలా కేంద్ర ప్రభుత్వానివి. భూమి శిస్తు, విద్యుత్తు రాష్ట్రానివి. ప్రతి కచేరీకి ఒక చిట్టా, ప్రతి చిట్టాకు ఒక గుమాస్తా. ఒక కచేరీలోని సమాచారం మరొక కచేరీకి కావలసి వచ్చినప్పుడు దానిని చేతబట్టుకొని తిరిగేవాడు పౌరుడే. ధ్రువపత్రం అనేది నిజానికి ఒక శాఖ మరొక శాఖకు వ్రాసే జాబు. ఆ జాబును మోసే జీతం లేని బంట్రోతు పని మనమే చేస్తూ వచ్చాము.

ఈ మోతను తప్పించడానికి కంప్యూటరు శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతికి సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అని పేరు. తెలుగులో సేవాధార నిర్మాణం అనవచ్చును. పేరు పెద్దదే గాని సూత్రం సులభమైనది. శాఖలన్నింటి చిట్టాలను తెచ్చి ఒకే మహాగ్రంథంగా కుట్టనక్కరలేదు. ఏ శాఖ చిట్టా ఆ శాఖ వద్దనే ఉంటుంది. అయితే ప్రతి శాఖ తాను ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలదో, ప్రశ్న ఏ రూపంలో రావలెనో, జవాబు ఏ రూపంలో పోవునో ముందుగా ప్రకటిస్తుంది. అటువంటి ఒక్కొక్క ప్రశ్నోత్తరానికే ‘సేవ’ అని పేరు. అడిగేవారికి లోపలి యంత్రం ఏ కంపెనీదో, ఎన్నాళ్లనాటిదో తెలియనక్కరలేదు. రేడియో సంగతి చూడండి. శ్రోతల ఇళ్లలో రేడియోలు నానారకాలు. కాని ప్రసారం ఏ మీటర్లపై జరుగునో నిర్ణయమై ఉండుటచేత అన్ని పెట్టెలూ ఒకే వార్తను వినిపించగలవు. ఇక్కడ కుదిరిన ఒప్పందం తరంగాన్ని గూర్చినదే, పెట్టెను గూర్చినది కాదు.

ఈ సూత్రం ఆచరణలో ఎట్లా ఉంటుందో తెలుసుకొనడానికి దూరదేశాలు పోనక్కరలేదు. సికింద్రాబాదు రైల్వే స్టేషను చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. పూర్వం రిజర్వేషను అంతా పెద్ద పెద్ద పుస్తకాలలో చేతితో వ్రాసేవారు. ఢిల్లీ పోయి తిరిగి రాదలచినవారి తిరుగు ప్రయాణానికి ఇక్కడినుంచి తంతి పంపేవారు. బెర్తు దొరికినదో లేదో తెలియకయే బయలుదేరిన కుటుంబాలెన్నో. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రయోగాత్మకంగా మొదలైనది. క్రమంగా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు అను ఐదు కేంద్రాలు ఏర్పడినవి. పుస్తకం పోయి యంత్రం వచ్చినది. క్యూలు కొంత తగ్గినవి. అయినా ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే. యంత్రాలు వచ్చినంత మాత్రాన కచేరీలు ఒకదానితో ఒకటి మాట్లాడలేదు.

అప్పుడు రైల్వేల ఎదుట రెండు మార్గాలున్నవి. దేశంలోని బెర్తులన్నీ ఒకేచోట ఒకే యంత్రంలో ఉంచుట ఒకటి. ఎవరి లెక్క వారివద్దనే ఉంచి, ఒకరినొకరు అడిగే ఏర్పాటు చేయుట రెండవది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ సంస్థ రెండవదానిని ఎన్నుకొన్నది. ‘కన్సర్ట్’ అను ఆ వ్యవస్థ మొట్టమొదట 1994 సెప్టెంబరులో సికింద్రాబాదులోనే అమలుకు వచ్చినది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ అనుసంధానమైనవి. అటుపై సికింద్రాబాదు కిటికీ వద్ద నిలిచినవాడు హౌరాలో బయలుదేరే బండికి బెర్తు అడిగితే, ఆ ప్రశ్న ఆ బండి లెక్క ఉన్న కలకత్తా యంత్రానికి పోయి, జవాబు కొన్ని క్షణాలలో తిరిగి వచ్చేది.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. ప్రశ్న పోయిన తరువాత దారిలో తీగ తెగిపోతే ఏమి కావలెను? అక్కడ బెర్తు కేటాయింపబడి ఇక్కడ టిక్కెట్టు రాకపోవచ్చును. లేదా ఒకే బెర్తు ఇద్దరికి పోవచ్చును. కనుక పని పూర్తిగా జరగవలెను, లేనిచో అసలే జరగనట్లు వెనుకకు పోవలెను, సగంలో ఆగరాదు. ఈ కట్టుబాటు లేని అనుసంధానం ఉపకారం కంటె అపకారమే ఎక్కువ చేస్తుంది. మరొక ప్రయోజనం ఆలస్యంగా కనబడినది. 2002 ఆగస్టులో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్ల విక్రయం ఆరంభమైనప్పుడు ఐదు కేంద్రాల లెక్కలను తిరగవ్రాయనక్కరలేకపోయినది. పాత ప్రశ్నలనే అడిగే ఒక కొత్త కిటికీ వచ్చినది, అంతే.

ఇక జంటనగరాల పాలనా విషయం. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ అను పేర ఒక ప్రయోగ కేంద్రం వెలసినది. దాని ఫలితాన్ని పురస్కరించుకొని 2001 ఆగస్టు 25న ‘ఈ-సేవ’ ప్రారంభమైనది. విద్యుత్తు, మంచినీరు, ఇంటిపన్ను, టెలిఫోను బిల్లులను ఒకే బల్ల వద్ద చెల్లించే వీలు కలిగినది. అనగా కిటికీలు ఒకటైనవి. 2011 నవంబరు 4న వచ్చిన ‘మీ సేవ’ మరొక అడుగు వేసినది. కిటికీని శాఖల చిట్టాలతో కలిపి, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం గుర్తించిన డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు చేసినది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా సేవలందించుట మొదలుపెట్టినది. ఇదీ ఒక కొత్త కిటికీయే.

మూడవ అడుగు మాత్రం కష్టమైనది. ఒక విద్యార్థి ఉపకారవేతనం కోసం మీ సేవలో ఆదాయ ధ్రువపత్రం పొందుతాడనుకొనండి. పత్రం త్వరగా దొరుకుట మంచిదే. కాని దానిని పుచ్చుకొని అదే ప్రభుత్వంలోని మరొక శాఖకు అతడెందుకు సమర్పించవలెను? ఆ శాఖయే రెవెన్యూ శాఖను అడుగరాదా? 2006 నాటి జాతీయ ఈ-పాలన ప్రణాళికలో శాఖల మధ్య ఇటువంటి ప్రశ్నోత్తరాలు నడిపే సేవా ద్వారాలకు స్థానం కల్పించినది ఇందుకే. ఎస్టోనియా అను చిన్న దేశం 2001లోనే ‘ఎక్స్‌రోడ్’ అను పేర ఈ మార్గం వేసుకొన్నది. ఒకే సమాచారానికి రెండు వేరు చిట్టాలు పెట్టరాదని అక్కడ చట్టమే ఉన్నది.

మన వద్ద ఉన్న అడ్డంకులు యంత్రానివి కావు, చిట్టాలవి. మన పేర్లనే చూడండి. ఒక పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరొకదానిలో పొడి అక్షరమే. ఒకచోట వెంకటేశ్వర్లు, ఇంకొకచోట వెంకటేశ్వరరావు. గుమాస్తా మనిషిని చూచి ఒక్కడేనని గ్రహించేవాడు. యంత్రం ఇద్దరని తీర్మానిస్తుంది. వృద్ధాప్యపు పింఛను ఆగిపోతుంది. తప్పున్న చిట్టా ఒంటరిగా ఉన్నప్పుడు ఆ తప్పు ఒక గదిలోనే ఉండేది. పది శాఖలు దానినే అడిగేటప్పుడు అది పదిచోట్లకు ప్రయాణం చేస్తుంది. కనుక ప్రతి సేవకూ పేరు చెప్పుకొనే అధికారి ఒకడుండవలెను. తప్పును మూలంలోనే దిద్దే బాధ్యత, గడువు నిర్ణయమై ఉండవలెను. యంత్రం కాదన్నవాని మొర వినడానికి మనిషి ఉండవలెను. తీగ పనిచేయని నాడు కాగితం చెల్లవలెను.

అడిగే హక్కుకు కూడా మేర ఉన్నది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు చెప్పినది. ఉపకారవేతనం ఇచ్చే శాఖకు కావలసినది ఆదాయం పరిమితికి లోబడినదా కాదా అనేదే. అవునో కాదో అను జవాబు చాలును. కుటుంబపు ఆస్తిపాస్తుల జాబితా అక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అడిగినారో పౌరుడు చూచుకొనే వీలు కూడా ఉండవలెను.

సికింద్రాబాదు రిజర్వేషను కిటికీ వద్ద తంతి రోజులు మరచిపోయి చాలాకాలమైనది. అక్కడ ఐదు కేంద్రాల మధ్య కుదిరిన ఒప్పందం తక్కిన కచేరీల మధ్య కూడా కుదిరిననాడు, ఒక కచేరీ ఇచ్చిన కాగితాన్ని పట్టుకొని మరొక కచేరీ గుమ్మంలో మధ్యాహ్నమంతా నిలువబడవలసిన అవసరం వృద్ధునికి, విద్యార్థికి తప్పుతుంది.