ఆటలలోని మహాఖడ్గములును, కఠినశత్రువులును

గడచిన విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి వ్రాతపుస్తకములను దిద్దుచుండగా ఒక సంగతి మా కంటబడినది. లెక్కల పుస్తకములందును, సాంఘికశాస్త్రపు పుస్తకములందును అంచుల వెంబడి కత్తుల బొమ్మలు గీయబడియున్నవి. అవి చరిత్రపాఠములోని రాజుల ఖడ్గములవంటివి కావు. మనుష్యునికంటె పొడవై, తలుపురెక్కవలె వెడల్పై, అంచులయందు ముండ్లును మంటలును కలిగియున్నవి. ఇవి యెక్కడి కత్తులని యడుగగా, బాలురు కొంత సంకోచించి, తాము సెలవుదినములలో ఆడుకొను వీడియో గేములలోనివని చెప్పిరి.

ఆ నెలలోనే ఒక విద్యార్థి తండ్రి మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మావాడు లెక్క ఒక్కసారి తప్పెనా, పుస్తకము మూసివేయుచున్నాడు. ఆ ఆటలో నలువదిసార్లు చచ్చినను కుర్చీ వదలి లేవడు. ఇదేమి మాయయండీ?" అని యడిగెను. "ఆటలు మాన్పింపుడు" అని మాత్రము చెప్పి మేమాయనను పంపివేసితిమి. ఆయన యడిగిన దొకటి, మేము చెప్పినది వేఱొకటి. నలువదిసార్లు ఓడినవానిని మఱల లేపి నిలువబెట్టు పద్ధతి యేదియో ఆ ఆటలలో నుండవలెను. దాని నెఱుగకయే తీర్పు చెప్పితిమని తరువాత మాకు తోచినది. నాటినుండి బాలుర ప్రక్కన కూర్చుండి చూచియు, చదివియు తెలిసికొన్న దానిని ఈ పత్రికను చదువువారి ముందుంచుచున్నాము.

మొదట నిజమైన ఖడ్గమును గూర్చి చెప్పవలెను. మధ్యయుగములందు ఐరోపాఖండమున ఒంటిచేత పట్టు కత్తి సామాన్యముగా ఒకటి మొదలు ఒకటిన్నర కిలోగ్రాముల లోపల తూగెడిది. రెండుచేతుల పట్టు పొడుగుకత్తియు ఒకటిన్నర కిలోగ్రాములకు అటునిటుగానే యుండెడిది. 16వ శతాబ్దమున జర్మను దేశపు కూలిసైనికులు భుజముపై మోసిన మహాఖడ్గములు సహితము, యుద్ధమునకు ఉద్దేశింపబడినంతవఱకు, రెండు మొదలు మూడున్నర కిలోగ్రాముల లోపలివే. అంతకు మించిన బరువుగలవి ఊరేగింపులకై చేయబడినవి. ఏలయనగా, బరువైన ఆయుధము ఎదుటివానికంటె ముందుగా పట్టినవానిని అలయజేయును. అందుచేత కమ్మరి అలుగును మొనవైపునకు పలుచన చేసెడివాడు. నడుమ గాడి తీసెడివాడు. పిడి చివర గుండు నమర్చి తూకము చేతివైపునకు తెచ్చెడివాడు. బరువు తగ్గించుటయే అతని విద్యలో ముఖ్యభాగము.

ఆటలలోని కత్తి దీనికి నేరుగా విరుద్ధమైనది. 1997వ సంవత్సరమున జపానుదేశమున వెలువడిన ఫైనల్ ఫాంటసీ 7 అను ఆటలో క్లౌడ్ అను యువకుడు ఇంచుమించు తన యెత్తు కత్తిని వీపున మోయును. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. అట్టి అలుగు 150 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందము గల ఉక్కుపలక యనుకొనుడు. దాని ఘనపరిమాణము 4,500 ఘనసెంటీమీటర్లు. ఘనసెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగును గనుక ఆ పలక 35 కిలోగ్రాములగును.  దానిని త్రిప్పి యుద్ధము చేయుట మనుష్యమాత్రునికి సాధ్యము కాదు.

అట్లయిన దానినేల అంత పెద్దదిగా చిత్రించిరి? మొదటి కారణము చూపునకు సంబంధించినది. తెరపై వీరుడు బొటనవ్రేలంత బొమ్మ. తఱచుగా అతని వీపు మాత్రమే మనకు కనబడును. నిజమైన కత్తి యంత సన్ననిదానిని చిత్రించినచో అది గీతవలె మాయమగును. మన వీథినాటకములలో భీముని గదను అంత లావుగా నేల చేయుదురు? వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మకు సహితము వచ్చినవాడు భీముడని తెలియవలెను గదా! రెండవ కారణము కథకు సంబంధించినది. పిడి, అంచు, రంగు చూచిన మాత్రముననే పట్టినవాని స్వభావము తెలియవలెను. కెంటారో మియురా అను జపాను చిత్రకారుడు 1989లో ప్రారంభించిన బెర్సెర్క్ అను చిత్రకథలోని వీరుడు ఇనుపదిమ్మెవంటి కత్తిని మోయును. ఆ కత్తి అతని దుఃఖభారమునకే రూపము. తరువాతి ఆటలలోని కత్తులపై ఈ చిత్రకథ ముద్ర గాఢముగా పడినది.

మూడవ కారణము అన్నిటికంటె లోతైనది. యంత్రములోని కత్తికి బరువు లేదు. ఆడువాని చేతిలో నున్నది కొన్ని మీటలు మాత్రమే. లేని బరువును తెలియజేయుటెట్లు? కాలముచేత! ఇట్టి ఆటలలో తెరపై తఱచుగా సెకనునకు 30 గాని 60 గాని చిత్రములు మారును. ప్రతి దెబ్బకును మూడు భాగములు గలవు: కత్తి నెత్తుట, కొట్టుట, తేరుకొనుట. చిన్నకత్తికి ఈ మూడును కనుఱెప్పపాటులో ముగియును. మహాఖడ్గమునకు ఎత్తుటయు దీర్ఘము, తేరుకొనుటయు దీర్ఘము. 2004లో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ అను ఆటయందును, హిడెటాకా మియజాకి దర్శకత్వమున 2011లో వచ్చిన డార్క్ సోల్స్ అను ఆటయందును పెద్దకత్తిని విసరుటకు మీట నొక్కినపిదప సామాన్యముగా వెనుకకు తీయ వీలులేదు. దెబ్బ తగిలెనా, పెద్దదెబ్బ. తప్పెనా, తేరుకొనులోపల శత్రువు కొట్టును. కావున పెద్దకత్తిని పట్టినవాడు ముందుగా ఆలోచించి తీరవలెను.

ఇక శత్రువు సంగతి. పైని చెప్పిన నియమమే అతనికిని వర్తించును. అతడు పెద్దకత్తి నెత్తునప్పుడు అది నెమ్మదిగా లేచును. ఆ లేచుటయే ఆడువానికి ముందస్తు హెచ్చరిక. పిల్లలు భయంకరమని చెప్పుకొను ఆ ఖడ్గము నిజమునకు వారికి పంపబడిన నోటీసువంటిది. "ఇదిగో, కుడివైపునుండి కొట్టబోవుచున్నాను" అని అది ముందుగానే చెప్పును. మొదటిసారి ఆ నోటీసును చదువలేక బాలుడు పడిపోవును. అయిదవసారి చదువును గాని చేయి అందుకొనదు. పదిసార్లయిన పిదప తప్పుకొనును. శత్రువు బలము తగ్గలేదు. బాలుని చదువు పెరిగినది.

ఈ భాషను స్పష్టముగా చూపు ఆటలు రెండింటిని పేర్కొందుము. 2011లో నిన్‌టెండో వారు ప్రకటించిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్ అను ఆటలో ఆడువాడు చేతిలోని సాధనమును కత్తివలె త్రిప్పును. శత్రువు తన కత్తిని ఒకవైపు అడ్డుపెట్టి నిలుచును. అడ్డులేని దిక్కున కొట్టినగాని దెబ్బ తగులదు. 2019లో వచ్చిన సెకిరో అను ఆటలో శత్రువు కత్తి తగులబోవు క్షణమునకు సరిగా మన కత్తి నడ్డవలెను. సామాన్యముగా అడ్డరాని దెబ్బ వచ్చునప్పుడు అపాయమను అర్థముగల ఎఱ్ఱని చిత్రాక్షరము తెరపై మెఱయును. ఇది మిక్కిలి కష్టమైన ఆటయని ప్రసిద్ధి. అయినను శత్రువు చెప్పక చేయు మోసము తక్కువ. డార్క్ సోల్స్, సెకిరో రెండును రక్తపాతము గలవి. అమెరికాలో వాటిపై 17 ఏండ్లు నిండినవారికని గుర్తు వేయబడినది. ఆ గుర్తును చూచి కొనుట తలిదండ్రుల విధి.

కష్టము కలిగించుటకు వేఱొక సులభోపాయము గలదు. శత్రువు ప్రాణబలమును రెట్టింపు చేయుట, అతని దెబ్బను రెట్టింపు చేయుట. దీనికి అంకెలు మార్చిన చాలును. 2005లో వచ్చిన డెవిల్ మే క్రై 3 అను ఆటను ఉత్తర అమెరికాకు పంపునప్పుడు, జపానులో కఠినమని పేరున్న స్థాయిని అచ్చట సామాన్యమని పేరుమార్చి యిచ్చిరి. అనేకులు మొఱపెట్టగా మఱుసటి సంవత్సరపు ప్రతిలో సరిదిద్దిరి. పరీక్షాపత్రములో మొదటి ప్రశ్ననే కఠినమైనదిగా వేసిన ఉపాధ్యాయునివంటి పని యిది. ఇంతకంటె హీనమైనది మఱియొకటి గలదు: శత్రువును గెలువరాని వానిగా చేసి, గెలిపించు కత్తిని డబ్బునకు అమ్ముట. ఇందు ఓటమి పాఠము గాదు, బేరము. ఇట్టివానిని పిల్లలు గుర్తుపట్టి విడువవలెను.

దయగల పద్ధతియు నున్నది. 2020లో పూర్తియై వెలువడిన హేడిస్ అను ఆటలో ఆడువాని మొదటి ఆయుధము కత్తియే. అందు గాడ్ మోడ్ అను ఏర్పాటును కోరుకొన్నచో, శత్రువుల దెబ్బలు మొదట నూటికి 20 వంతులు తగ్గును. చచ్చిన ప్రతిసారియు మఱి 2 వంతులు తగ్గుచు, 80 వంతులవఱకు పోవును. అనగా ముప్పదిసార్లు పడినవానికి తుదిమెట్టు సహాయము దొరకును. శత్రువు కదలికలు మాత్రము మారవు. నేర్చుకొనవలసినది నేర్చుకొనియే తీరవలెను.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వత్తుము. బాలుడు ఆటలో నలువదిసార్లేల లేచును? పడినప్పుడెల్ల ఏల పడెనో వానికి తెలియును. కొన్ని క్షణములలోనే అదే శత్రువు నెదుట మఱల నిలుచును. అదే దెబ్బ మఱల వచ్చును. మా తరగతిలో జరిగినదేమి? పరీక్ష వ్రాసిన పదునైదు దినములకు కాగితము లిచ్చుచుంటిమి. తప్పులెక్కపై ఎఱ్ఱసిరాతో ఒక అడ్డుగీత, ప్రక్కన సున్న. ఏ మెట్టున తప్పెనో వ్రాయలేదు. ఆ లెక్కను మఱల చేయుటకు అవకాశ మీయలేదు. కత్తి నెత్తుట చూపకయే కొట్టిన శత్రువులము మేమే యైతిమి! ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇరువది సంవత్సరములకు పూర్వము ఇట్లు చేయరాదని మేము చదివి, పరీక్ష వ్రాసి, మార్కులు సహితము పొందితిమి. ఆచరణలో మఱచితిమి.

ఈ సంవత్సరము పద్ధతి మార్చితిమి. కాగితములను మూడవ దినమున ఇచ్చుచున్నాము. తప్పు మొదలైన పంక్తిక్రింద మాత్రము గీత గీయుచున్నాము. విద్యార్థి ఆ పంక్తినుండి మఱల చేసి తెచ్చినచో మార్కులు కలుపుచున్నాము. ఆ బాలుడు తరగతిలో మొదటివాడు కాలేదు. కాని మొన్న ఒక్క వడ్డీలెక్కను మూడుసార్లు చేసి తెచ్చెను. మూడవసారి సరిపోయినది. వాని తండ్రికి కబురు పంపి, నాడు మేము చెప్పిన మాటను సరిదిద్దుకొంటిమి. ఆటకు గంటలు నియమింపుడు, నిద్రవేళ దాటనీయకుడు. మిగిలిన పని మాదియని చెప్పితిమి.

తుదకు పాత ఆట నొకదానిని విద్యార్థులకు పరిచయము చేసి ముగింతుము. 1989లో జోర్డాన్ మెక్నర్ అను అమెరికను యువకుడు ప్రిన్స్ ఆఫ్ పర్షియా అను ఆటను చేసెను. తన తమ్ముడు పరుగెత్తుటను, దుముకుటను చిత్రీకరించి, ఆ కదలికలనే రాకుమారునకిచ్చెను. కత్తియుద్ధమునకు 1938 నాటి రాబిన్‌హుడ్ చలనచిత్రములోని ద్వంద్వయుద్ధమును ఆధారముగా గొనెను. ఆనాటి ఆపిల్ 2 యంత్రముయొక్క జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము. క్రొత్త శత్రువును చిత్రించుటకు చోటు చాలలేదు. అందుచేత రాకుమారుని బొమ్మనే కొంచెము మార్చి, వాని నీడను శత్రువుగా నిలిపెను. అద్దములోనుండి దూకివచ్చిన ఆ నీడ కడపట కత్తిదూసి యెదుట నిలుచును. దానిని కొట్టిన ప్రతి దెబ్బయు కొట్టినవానికే తగులును. ఎంత నేర్పరియైనను కత్తితో గెలువలేడు. రాకుమారుడు కత్తిని ఒరలో పెట్టవలెను. అప్పుడు నీడయు కత్తిని దించును, ఇరువురును ఒకరిలో నొకరు కలిసిపోవుదురు, మార్గము తెఱువబడును.

బాలురారా, మీ పుస్తకముల అంచులందు కత్తులు గీయుటను మేమిక తప్పుపట్టము. కాని లెక్కకు చోటుంచి గీయుడు.