తప్పు కంప్యూటరుది కాదు... గోడది!

కదిరి: ఉద్యోగ దరఖాస్తుకు ఆఖరి రోజు. ఇంట్లో కంప్యూటరుకు వైఫై అందదు. తిట్లన్నీ కంప్యూటరుకే! ముందు చూడాల్సింది నెట్ పెట్టె దీపాలను. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు చేరాయి. కొమ్మ విరిగిపడితే తీగ తెగొచ్చు. అప్పుడు ‘ఎల్‌ఓఎస్’ దీపం ఎర్రగా మిణుకుమంటుంది. ఇక కేబుల్ ఆపరేటరు రావాల్సిందే.

ఎర్ర దీపం లేకుంటే పెట్టెను ఆపి, అర నిమిషమాగి వేయాలి. అయినా రాకుంటే లోపం గోడలో వెతకాలి. పాత మిద్దెల మందపాటి రాతిగోడలు ఎండనే కాదు, వైఫైనీ ఆపుతాయి. ఇనుప బీరువా వెనక పెట్టెను దాచేవారూ లేకపోలేదు! రెండు వైఫై పేర్లు కనిపిస్తే 2.4 గిగాహెర్ట్జ్‌ది ఎంచుకోవాలి. 5 కంటే అదే గోడలు బాగా దాటుతుంది. తొందరపనికి పెట్టె నుంచి కంప్యూటరుకు నేరుగా వైరు కలిపితే గోడతో పనే లేదు.