కాలువగట్టు ఓషధులకు కావలి ఎవరు?

అటికమామిడికి సంస్కృతంలో పునర్నవ అని పేరు. వేసవిలో ఎండి నేలలో కలిసిపోయినట్లు కనిపించి, తొలకరి చినుకులు పడగానే పాత వేరు నుండే మరల చిగురిస్తుంది కనుక ఆ నామం సార్థకమైనది. ఇది శోఫహరమనీ, మూత్రాన్ని సాఫీగా వెడలిస్తుందనీ ఆయుర్వేదం చెబుతున్నది. మా అంబాజీపేట ప్రాంతంలో కాళ్ళవాపు గల పెద్దలకు దీని ఆకును పప్పులో వండిపెట్టడం ఇల్లాండ్రకు తెలిసిన విషయమే. (వాపు తగ్గకున్నా, ఆయాసం తోడైనా వైద్యుని చూడవలసినదే, పప్పుతో కాలక్షేపం చేయరాదు.)

ఇపుడా వేరుకే ఎసరు వచ్చినది. పునర్నవ, గుంటగలగర, నేల ఉసిరి, ఉత్తరేణి వంటివి ఎవరూ నాటి పెంచినవి కావు. కాలువగట్లు, చేనుగట్లు, కొబ్బరితోటల అంచులే వాటి నివాసం. గట్లపై కలుపుమందు చల్లుతున్నారు, చేలు రొయ్యల చెరువులవుతున్నాయి, పెరళ్ళకు సిమెంటు పరుస్తున్నారు. పచ్చి మూలిక దొరకక మనం బజారు చూర్ణాన్ని ఆశ్రయిస్తాము. పునర్నవ పేరిట దానిని పోలిన గలిజేరు కలవడం మూలికల వర్తకంలో పాత సంగతే. పొడి అయిన పిదప పోల్చుకొనుట మనబోటి వారికి అసాధ్యం.

కొబ్బరికి మా ఊరిలో పేరుగన్న మార్కెట్టు ఉన్నది. ఉద్యాన పరిశోధనా కేంద్రమూ ఉన్నది. గోదావరి గంగ అనే సంకర రకం అక్కడి నుండి వెలువడినదే. మంచిదే. కాని అదే కొబ్బరినూనెలో కాచే గుంటగలగరను అడిగేవారేరి?

అడిగే అధికారం చట్టం ఏనాడో ఇచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ విభాగం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. సభ్యులలో మూడవ వంతుకు తగ్గకుండా స్త్రీలుండవలెనని 2004 నాటి నియమాలు చెప్పినవి. ఊరి మొక్కలనూ, వాటి వాడుకనూ స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయించుట ఆ కమిటీ పని. వాణిజ్యానికై మూలికలు సేకరించేవారి నుండి రుసుము వసూలు చేసే అధికారమూ దానికి కలదు. 2023 సవరణ నమోదైన ఆయుష్ వైద్యులకూ, సాగుచేసిన ఓషధులకూ కొన్ని మినహాయింపులిచ్చినది. పంచాయతీ కమిటీ మాత్రం తొలగిపోలేదు.

ఇది కాగితపు మాట కాదు. రాష్ట్ర విభజనకు మునుపు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుండి ఒక సంస్థ 2,000 కిలోల ఎండు వేపాకు జపానుకు పంపినది. అది చెల్లించిన రాయల్టీలో కొంత ఆ ఊరి కమిటీకి చేరి, వేపమొక్కల పెంపకానికి ఉద్దేశింపబడినది. వేపాకుకు వచ్చిన హక్కు అటికమామిడికి ఎందుకు రాకూడదు?

కనుక పాఠకులు గ్రామసభకు వెళ్ళినపుడు మన కమిటీలో ఎవరున్నారు, రిజిస్టరు ఎక్కడున్నది అని అడగవలెను. అందులో లాటిను పేర్ల ప్రక్కన ఊరి పేర్లు లేకున్నచో అది మన ఇల్లాండ్రను అడగకుండా వ్రాసినదని నా అనుమానం. రోడ్ల ప్రక్కన నాటేందుకు మారేడు, కానుగ, నేరేడు, పొన్న మొక్కలు కోరవలెను. ఆకర్షణకై తెచ్చిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించవలసి వచ్చినది.

నేను కోరే మరొక తీర్మానానికి పైసా ఖర్చు లేదు. ఊరి కాలువగట్లలో కొంత మేర కలుపుమందు చల్లరాదు. మొక్కలు గింజ కట్టిన పిదపనే కొడవలితో కోయవలెను. పునర్నవ గింజకు జిగురుంటుంది. మేతకు వచ్చిన పశువుల కాళ్ళకంటుకొని మిగిలిన గట్లకు అదే చేరుతుంది.