హోటలు గోడమీద ఎవరి కథ?

రామగిరి: షిఫ్టు దిగిన కార్మికుడు చాయ్ గ్లాసు పట్టుకుని తలెత్తితే గోడమీద ఏం కనబడాలి? సెంటినరీ కాలనీలోనో, గోదావరిఖనిలోనో కొత్తగా హోటలు పెట్టదలచినవారు ఆలోచించవలసిన ప్రశ్న ఇది. పల్లె అందం కావాలంటే ఒక బండి చక్రం, నాలుగు ప్లాస్టిక్ తోరణాలు తగిలిస్తే చాలుననుకుంటారు. చక్రం బండికి ఉంటేనే అందం!

ఆ అందం మన ఇండ్లలోనే ఉంది. ఎర్రమట్టితో అలికిన అరుగు, జాజు పూసిన గోడ, దానిమీద తెల్లని ముగ్గు. చేర్యాల పటాలలో మెరిసేదీ ఆ ఎరుపే.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు ఈ పటాలను ఖద్దరు గుడ్డమీద వేస్తారు. చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి, బంక కలిపి గుడ్డకు పట్టిస్తారు. ఆరాక మళ్ళీ పూస్తారు. గంజి పెట్టడం ఎరిగిన నేతవారికి ఈ పని గురించి వేరే చెప్పనక్కరలేదు. వెనుకటి పటాలు ముప్పై, నలభై అడుగుల పొడవుండేవి. అవి అలంకారానికి కావు, కథకుని పుస్తకాలు. పటం విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. పాతబడిన పటాన్ని పూజచేసి నదిలో కలిపేవారు.

వినేవారు తగ్గాక చిత్రకారులు చిన్న పటాలు వేసి, రంపపు పొట్టు, చింతగింజల పిండితో ముఖం బొమ్మలు చేసి విద్యను నిలుపుకున్నారు. హోటలువారు ఒక పటం వేయించుకుంటే ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది. ఫ్లెక్సీమీద అచ్చువేయించి అంటిస్తే పైసా దక్కదు.

అయితే ఒక చిక్కుంది. ఈ పటాలలో ఏ కులం పురాణం ఆ కులానిదే. బొగ్గుబావుల ఊరి హోటలులో ఒకే బల్ల దగ్గర అందరూ కూర్చుంటారు. ఒకరు కొలిచే కథను చట్నీ చిందేచోట తగిలించడం తగునా? చేర్యాలవారు నాట్లు, కల్లుగీత, బతుకమ్మ బొమ్మలు కూడా వేస్తున్నారు. అదే వరుసలో రామగిరి ఖిల్లాను, తట్టా చెమ్మస్ పట్టిన ఆనాటి కోల్‌ఫిల్లరును అడిగి వేయించుకోవచ్చు. పురాణమే కావాలంటే ఆ కథ చెప్పేవారినీ ఒక రాత్రి పిలిచి, ఇవ్వవలసింది ఇచ్చి వినాలి.

పటానికి పొగ, జిడ్డు పడవు. తడిగుడ్డతో తుడిస్తే నీటి రంగులు చెదురుతాయి. అద్దం చట్రంలో బిగించి, పొయ్యికి దూరంగా, తల తగలని ఎత్తున పెట్టాలి. గోడ కింది భాగానికి జాజు, సున్నం చాలు, మాసినప్పుడల్లా పూసుకోవచ్చు. ముగ్గువేసే చేయి ఏ వాడలోనైనా దొరుకుతుంది. ఆ చేతికీ కూలి కట్టివ్వాలి.