సఫ్‌లో కనిపించని పెద్దలు

మస్జిదె నబవీని ఊడ్చే ఒక మహిళ కొన్నాళ్ళు కనిపించకపోతే దైవప్రవక్త (స) ఆమె గురించి ఆరా తీశారు. మరణించిందని తెలిసి, తమకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కానరాని వారిని గురించి విచారించడం ప్రవక్త సంప్రదాయం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుండి ఎందరో కుమారులు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ఇంటికి డబ్బు వస్తుంది. కాని రాత్రివేళ తల్లి జారిపడితే లేవనెత్తేవారుండరు. ఫోనులో ఆమె 'బాగానే ఉన్నాను' అంటుంది. నిజం తెలిసేది పొరుగువారికే.

కనుక మనం గమనించాలి: ఫజ్ర్‌కు తప్పక వచ్చే పెద్దాయన మూడు రోజులుగా రాలేదా? ఈ మధ్య పడిపోయారా? చిక్కిపోయారా? బీపీ, షుగరు మందులు మరచిపోతున్నారా? ఇంట్లోనే నమాజు చేసుకునే వృద్ధ మహిళల లోటు సఫ్‌లో తెలియదు. వారి వద్దకు మన స్త్రీలు వెళ్ళాలి. వృద్ధాప్య పింఛను అందుతున్నదో లేదో అడగాలి. వృద్ధుల కొరకు 14567 అనే ఉచిత సహాయ ఫోను ఉన్నదని తెలపాలి.

జనాజాకు భుజమిచ్చే మనం, వారు జీవించి ఉండగానే తలుపు తడదాం. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.